తోలు బ్యాగుకు దాహం వేయదు

ఆరేళ్లలో నాలుగు పాత హ్యాండ్‌బ్యాగులు నా చేతిలో మరమ్మతుకు పడ్డాయి. రెండు ఇప్పటికీ భుజాన వేలాడుతున్నాయి. ఒకదాన్ని నేనే పాడుచేశాను. ఇంకొకటి అసలు తోలే కాదని ఆలస్యంగా తెలిసింది. క్లీనరు, కండిషనరు (తోలు మెత్తబడటానికి రాసే క్రీము), ఫిల్లరు (గుంటలు పూడ్చే ముద్ద), తోలు రంగు, అంచు రంగు (తోలు కోసిన అంచులకు పూసేది), మైనపు దారం అంటూ ఇంట్లో చేసుకునేవాళ్ల కోసం అమ్మే సరంజామా దాదాపు అంతా ఈలోగా వాడి చూశాను. అందరూ మొదట కొనేది కండిషనరు. ఆరేళ్ల తర్వాత లెక్క చూసుకుంటే నాకు అన్నిటికంటే తక్కువ పనికొచ్చిందీ అదే.

పాడుచేసినదానితో మొదలుపెడతాను. అది లేత గోధుమ రంగు భుజం సంచి. బెరడు టానిన్లతో పదును చేసిన తోలు, పైన రంగు పూత లేదు. కొన్నేళ్లు వాడాక మూలలు గరుకుదేలాయి, మూత మీద సన్నని గీతలు పడ్డాయి. ఎండిపోయింది, పాపం, దాహంగా ఉంది అనుకున్నాను. ఎండిన చేతులకు రాసుకున్నట్టే కొబ్బరినూనె పట్టించాను. తోలు చకచకా పీల్చేసుకుంది. అది పీల్చుకుంటుంటే ముచ్చటేసి ఇంకో రెండు పూతలు వేశాను. తెల్లవారేసరికి రంగు ముదిరిపోయింది. అదీ సమంగా కాదు, నా చేయి ఎక్కువసేపు ఆగిన చోటల్లా మచ్చలు తేలాయి. వారం తిరిగేసరికి మూత వాలిపోయింది, నిటారుగా నిలబడే బ్యాగు కూలబడింది. చలికాలం రాగానే పైన తెల్లటి పొర కనిపించింది. బూజు పట్టిందని కంగారుపడ్డాను కానీ, వేలితో రుద్దితే కరిగిపోయింది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన గడ్డకడుతుంది. నేను తాగించిన నూనె పైకి తేలి నన్నే వెక్కిరించిందన్నమాట. మిగతా వంటనూనెలతో తెల్లపొర బెడద ఉండకపోవచ్చు కానీ, అవి గాలి సోకి జిగటెక్కుతాయి, పాతనూనె కంపు కొడతాయి.

తోలుకు నూనె అవసరం లేదని కాదు. అది ఎక్కాల్సిన సమయం వేరు. తోలు తయారయ్యే చోటే, ఆరబెట్టడానికి ముందే, పెద్ద పీపాల్లో తిప్పుతూ నీళ్లలో కలిపిన నూనెను పోగుల దాకా ఎక్కిస్తారు. ఆరేటప్పుడు పోగులు ఒకదానికొకటి అతుక్కుని అట్టలా బిరుసెక్కకుండా ఆ నూనె కాపాడుతుంది. ఆ తర్వాత చాలా బ్యాగుల తోలు మీద రంగుపూత, దానిమీద రక్షణపూత వేస్తారు. అంటే మనం కండిషనరు రాసేది తోలుకు కాదు, ఒక రకమైన పెయింటుకు. లోపలికి దిగేది చాలా తక్కువ. కుట్టు రంధ్రాల్లోంచి, పూత లేచిపోయిన చోట్లనుంచి కాస్త దిగుతుందేమో. చేతికి నునుపు తగులుతుంది, మెరుపు వస్తుంది, మనసుకు తృప్తిగా ఉంటుంది. మరమ్మతు మాత్రం జరగదు.

మీ బ్యాగు ఏ రకమో తెలుసుకోవడానికి ఒక్క నీటిచుక్క చాలు. బయటికి కనిపించని చోట, అడుగునో మూత లోపలో వేసి ఒక నిమిషం ఆగండి. చుక్క ముత్యంలా నిలిస్తే పైన పూత ఉన్నట్టు. ఇంకిపోయి అక్కడ రంగు ముదిరితే పూత లేని తోలు. ఈ పరీక్ష చేయకుండా సీసా మూత తీయకూడదని నా నియమం. ఆ నియమానికి నేను చెల్లించిన మూల్యం పైన చెప్పిన భుజం సంచి.

నూనెల మీద నమ్మకం పెద్దలకూ ఉండేది. బ్రిటిష్ మ్యూజియం పేరుతోనే ఒక తోలు లేపనం వాడుకలో ఉండేది. గొర్రె ఉన్ని కొవ్వు, తేనెమైనం, సెడార్ చెక్క నూనె, వాటిని కరిగించే హెక్సేన్ ద్రావకం కలిపి చేసేవారు. పాత పుస్తకాల తోలు అట్టలకు దాన్ని శ్రద్ధగా రాసేవారు. కాలక్రమంలో సంరక్షణ నిపుణులు ఇలాంటి పూతలనుంచి చాలావరకు వెనక్కి తగ్గారు. రంగు ముదరడం, జిగటెక్కి దుమ్ము పట్టడం, పైకి తెల్లగా తేలడం వాళ్లూ చూశారు. నా కొబ్బరినూనె కథ చదివినట్టే అనిపించింది నాకు.

ఇక నిజంగా పనిచేసింది శుభ్రం చేయడం. రెండో బ్యాగు నల్లది, పూత ఉన్న క్రోమ్ తోలు (బెరడుతో కాక క్రోమియం లవణాలతో పదును చేసినది), ఏళ్ల తరబడి రోజూ పనికి మోసినది. పిడులు నల్లగా నిగనిగలాడుతూ బిరుసెక్కాయి. తోలు ఎండి పగలబోతోందనుకున్నాను. తోలు కోసమే చేసిన క్లీనరును స్పాంజి మీద వేసి, నురుగు వచ్చేదాకా పిసికి, ఆ నురుగుతోనే తుడిచాను. తెల్ల గుడ్డ మూడుసార్లు నల్లబడింది. మొదట రంగు ఊడుతోందని భయపడ్డాను. చూస్తే అది చెమట, చేతి జిడ్డు, దుమ్ము కలిసి గట్టిపడిన పొర. అది పోయాక పిడి మళ్లీ వంగింది. నేను అరుగుదల అనుకున్నదాంట్లో సగం మురికే.

సబ్బుతో కడిగితే సరిపోదా అంటే, సరిపోదు. తోలు స్వభావం కాస్త ఆమ్లం వైపు ఉంటుంది, సుమారుగా పీహెచ్ 3.5 నుంచి 5 మధ్య. మామూలు సబ్బు 9, 10 దగ్గర ఉంటుంది. సోడా ఉప్పు కూడా క్షారమే. ఒకసారికి కొంప మునగదు కానీ, అలవాటుగా చేస్తే పూత మసకబారుతుంది, తోలు బిరుసెక్కుతుంది. తడిసిన బ్యాగును హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టడం అంతకంటే పెద్ద పొరపాటు. తడి తోలుకు వేడి తగిలితే పోగులు ముడుచుకుంటాయి. బెరడుతో పదును చేసిన తోలు 70, 80 డిగ్రీల దగ్గరే ముడుచుకోవచ్చు, క్రోమ్ తోలు ఇంకాస్త తట్టుకుంటుంది. ముడుచుకున్నది మళ్లీ సాగదు. నీడలో, గాలి ఆడేచోట, లోపల కాగితం కుక్కి ఆరనివ్వడమే మార్గం. అచ్చు కాగితం వద్దు, సిరా అస్తరుకు అంటుతుంది.

ఎక్కువ కాలం నాతో కుస్తీ పట్టినవి మూలలు. నల్ల బ్యాగు నాలుగు అడుగు మూలల్లోనూ పూత పోయి బూడిదరంగు పోగులు బయటపడ్డాయి. దీనికి కావలసింది రంగు, నూనె కాదు. మొదటిసారి చేసినప్పుడు ఆత్రంలో అంతా తారుమారు చేశాను. శుభ్రం చేసిన వెంటనే కండిషనరు రాసి, దానిమీద ఫిల్లరు మందంగా మెత్తి, కుంచెతో ఒకే దెబ్బకు రంగు పూశాను. చూడటానికి కొత్తదానిలా ఉంది. ఐదు నెలలకు ఫిల్లరు బిళ్లలా లేచిపోయింది. జిడ్డు మీద ఏదీ పట్టుకోదని అప్పుడు తెలిసింది.

రెండోసారి తీరిగ్గా చేశాను. ముందు క్లీనరు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన దూదితో మూలలు మాత్రం తుడిచి పాత మైనం, జిడ్డు తీసేశాను. ఈ ఆల్కహాలు పూతను కూడా కరిగిస్తుంది కాబట్టి బాగున్న చోటికి పాకనివ్వకూడదు. లేచిన పోగులను 600 నంబరు సాండ్‌పేపరుతో సున్నితంగా అణిచాను. ఫిల్లరును కాగితమంత పలచగా పూసి, ఆరాక మళ్లీ రుద్ది, మరో పలచని పొర వేశాను. గుంట పూర్తిగా నిండలేదు. నింపాలనే ఆశ వదులుకోవడమే మేలు. తర్వాత నీటి ఆధారిత ఆక్రిలిక్ రంగు, ఏంజెలస్ వారిది. చిన్న స్పాంజి ముక్కతో అద్దుతూ ఐదు పలచని పూతలు వేశాను. కుంచె గీతలు పడతాయి, స్పాంజి అద్దితే తోలు గరుకుదనం లాంటిది వస్తుంది. చివర మెరుపు లేని ఫినిషరు, అంటే రంగును కాపాడే పైపూత వేసి, వారం రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఆ మూలలకు ఇప్పుడు మూడేళ్లు దాటాయి. ఒక మూల మాత్రం గోడకు గీసుకుని కొంచెం తెల్లబడింది. ఒక్క పూత వేస్తే సరిపోయింది.

రంగు కలపడం గురించి ఒక మాట. నలుపు కదా, కలపడానికేముంది అనుకున్నాను. సీసాలోని నలుపు పక్కన పెట్టి చూస్తే నా బ్యాగు నలుపు కాదు, నీలం ఛాయ ఉన్న ముదురు బూడిద. చుక్క నీలం, రెండు చుక్కల తెలుపు కలిపాక దగ్గరికి వచ్చింది. ఆక్రిలిక్ రంగు తడిగా ఉన్నప్పుడు లేతగా కనిపించి, ఆరాక ముదురుతుంది. అందుకే కాగితం మీద కాదు, బ్యాగు అడుగునే అద్ది, ఆరనిచ్చి, పగటి వెలుతురులో చూడాలి. దీపం కింద నిర్ణయించిన రంగు పొద్దున్నే నవ్వుతుంది మనల్ని చూసి.

మూత మడత పడే చోట మాత్రం ఈ పద్ధతి నిలవదు. రోజుకు ఇరవైసార్లు వంగే తోలు మీద ఫిల్లరు పగుళ్లు చూపిస్తుంది. అక్కడ పలచని రంగు ఒక్కటే అద్ది, గీతలు కనిపిస్తే కనిపించనివ్వండి.

పిడుల అంచు రంగు నన్ను ఇంకో పాఠం దాకా లాక్కెళ్లింది. పగిలిన పాత అంచు రంగు మీదే కొత్తది పూశాను. రెండు నెలలకు రెండూ కలిసి తొక్కలా ఊడాయి. ఊడే అవకాశం ఉన్నదంతా గోరుతో, చిన్న కత్తితో తీసేసి, సాండ్‌పేపరు పట్టి, పుల్లతో సన్నగా కొత్త రంగు నడిపించాలి. ఆరాక రుద్ది మళ్లీ పూత. ఇది చేసిన సాయంత్రాలు ఎంత విసుగో చెప్పలేను. కానీ బ్యాగు పాతదనం మొదట కనిపించేది అక్కడే కాబట్టి, ఎక్కువ మార్పు కనిపించిందీ అక్కడే.

కుట్టు సంగతి అనుకున్నంత కష్టం కాదు. పట్టీ బ్యాగుకు కలిసే చోట దారం తెగింది. పాత రంధ్రాలే వాడాను కాబట్టి ఆరెతో పొడవాల్సిన పని పెద్దగా పడలేదు, మూసుకుపోయిన రెండింటిని తెరవడానికి తప్ప. మైనం పట్టించిన పాలిస్టర్ దారం, రెండు కొసలకు రెండు సూదులు, ఒకే రంధ్రంలో ఎదురెదురుగా దూర్చే కుట్టు. మిషను కుట్టులో ఒక్కచోట తెగితే వరసగా విడిపోతుంది. ఈ కుట్టులో ఒక పోగు తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. చివర మూడు టాకాలు వెనక్కి వేసి, కొసలను కొద్దిగా కాల్చి అణిచాను. మొత్తం సరంజామాలో డబ్బుకు తగిన విలువ దేనిదంటే ముందు ఈ దారం పేరే చెబుతాను.

మూడోది అక్క ఇచ్చిన ఎర్ర బ్యాగు. ఎప్పుడో కొని, దాచుకుని, దాచుకుని, తీసి చూస్తే పొలుసులు రాలుతున్నాయి.

"నీకు తోలు పని వచ్చుగా, దీన్ని కాస్త బాగుచేసి పెట్టవే."

తెగిన అంచు చూడగానే అర్థమైంది. కింద నేతగుడ్డ, పైన పలచటి రంగు పొర. అది పాలీయురెథేన్ పూత. గాలిలోని తేమకు ఆ పూత దానంతటదే విరిగిపోతుంది, వాడకుండా బీరువాలో పెట్టినా సరే. దానికి కండిషనరు లేదు, మందూ లేదు.

"తోలు కాదక్కా ఇది."

"తోలని చెప్పే అమ్మారు మరి."

అమ్మినవాళ్ల మాట నేనేం చెప్పగలను. బకిళ్లు మాత్రం ఊడదీసి దాచుకున్నాను.

నాలుగోది గోధుమ రంగుది, ప్లాస్టిక్ సంచిలో కట్టి అటకెక్కించినందుకు బూజు పట్టింది. తేమ 65 శాతం దాటి గాలి ఆడకపోతే తోలు మీద బూజు సులువుగా పెరుగుతుంది. ఆరుబయట పొడి బ్రష్షుతో దులిపి, ఆల్కహాలు, నీళ్లు కలిపిన గుడ్డతో అద్ది తుడిచి, నీడన ఆరబెట్టాను. తోలు తేరుకుంది, వాసన వదల్లేదు. వాసన తోలుది కాదు, అస్తరుది. అస్తరు విప్పి కొత్తది కుట్టించాక పోయింది. ఇప్పుడు బ్యాగులన్నీ నూలు సంచుల్లో ఉంటున్నాయి.

ఇంతా చెప్పి కండిషనరు అసలు వాడనా అంటే, వాడుతున్నాను. పూత లేని తోలుకు ఏడాదికి రెండుసార్లు, శుభ్రం చేశాక, వేలికొసకు అంటేంత మాత్రమే. బిక్ 4 అనే క్రీము నా దగ్గర రంగు మార్చలేదు, అందుకే దాన్నే ఉంచుకున్నాను. పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనె గుర్రపు జీనుల లాంటి దిట్టమైన తోలుకు బాగుంటుందేమో కానీ, లేత రంగు బ్యాగును ముదురు చేస్తుంది. తేనెమైనం కలిసిన ముద్దలు వాన చినుకులను ఆపుతాయి, ఎండలో మాత్రం దుమ్మును పిలిచి మరీ అంటించుకుంటాయి. పూత ఉన్న బ్యాగులకు కండిషనరు ఏడాదికొకసారి రాస్తున్నాను, అదీ శుభ్రం చేసిన తర్వాత నునుపు కోసం. స్వేడ్, నూబక్ తోలుకు ఈ క్రీములేవీ తాకించవద్దు, నూగు అణిగిపోతుంది. వాటికి మెత్తని బ్రష్షు, రబ్బరు చాలు. తాకితే ఎర్రటి పొడి రాలేంత పాత తోలుకు కూడా క్రీముతో ఒరిగేదేమీ లేదు, అక్కడ పోగులే చితికిపోయి ఉంటాయి.

ఇప్పుడు మొదటి నుంచి కొనాల్సి వస్తే ముందు క్లీనరు, స్పాంజి, దారం, రెండు సూదులు తెచ్చుకుంటాను. మూలలు అరిగితేనే రంగు, ఫినిషరు. ఫిల్లరు అతి చిన్నది. కండిషనరు చివర్న, చిన్న సీసా. లేత రంగు, పూత లేని ఖరీదైన బ్యాగు అయితే రంగు పని ఇంట్లో పెట్టుకోను, చేయి తిరిగినవారికి ఇస్తాను.

నేను పాడుచేసిన గోధుమ రంగు సంచిని పారేయలేదు. సీసాలు, స్పాంజి ముక్కలు, దారపు ఉండలు అందులోనే ఉంటాయి. కూలబడిన మూత ఇప్పుడు మూతలా కాక దుప్పటిలా వాటిమీద పడుకుంటుంది. ఎండాకాలంలో దాని కింద వేసిన కాగితం మీద ఇప్పటికీ నూనె మరక పడుతూనే ఉంది.