కత్తెర పురుగుకి ఏది మేలు? ఆఫ్రికా మొక్కజొన్న చేలలో నాలుగు దారులు

2016లో నైజీరియా, బెనిన్, టోగో వైపు మొక్కజొన్న చేలలో కత్తెర పురుగు కనిపించింది. పుట్టిల్లు అమెరికా ఖండం. రెండేళ్లు తిరిగేసరికి సహారాకి దిగువన ఉన్న దేశాలన్నిట్లోనూ దాదాపుగా పాకిపోయింది. 2018లో కర్ణాటకలో దిగి, ఆ తర్వాత మన మొక్కజొన్న రైతులకీ నిద్ర లేకుండా చేసింది. కాబట్టి అక్కడివాళ్లు దాని మీద ఏమేం ప్రయోగించారో, అందులో ఏది పనికొచ్చిందో, ఏది మనుషుల ప్రాణం మీదకి తెచ్చిందో మనమూ తెలుసుకోవాల్సిన సంగతే.

పురుగుమందు మంచిదా చెడ్డదా అని తేల్చేటప్పుడు కంపెనీలు, ప్రభుత్వాలు వేసుకునే ప్రశ్న ఒకటుంది: "చెప్పినట్టు వాడితే ప్రమాదమా?" నేనైతే ఇంకోలా అడుగుతాను. మిట్టమధ్యాహ్నం ఎండలో, కారుతున్న పంపుతో, లేబుల్ మీది భాష చదవలేని మనిషి వాడితే ఏమవుతుంది? కింద చెప్పే నాలుగు దారుల్నీ ఈ ప్రశ్నతోనే తూచాను.

దానికి ముందు, మందు అసలు ఎంత అవసరం? 2017లో ఘానా, జాంబియా రైతుల్ని అడిగి వేసిన అంచనాల్లో పంట నష్టం సగటున 45, 40 శాతం అని తేలింది. తర్వాత తూర్పు జింబాబ్వేలో పరిశోధకులు చేలలోకి దిగి కొలిస్తే 12 శాతం లోపే వచ్చింది. రైతులు అబద్ధం చెప్పారని కాదు. ఆకులన్నీ జల్లెడలా చిల్లులు పడి, మొక్క నడుమ లేతాకుల సుడి నిండా పురుగు పెంట కనిపిస్తే ఎవరికైనా పంట పోయినట్టే అనిపిస్తుంది. కానీ మొక్కజొన్నకి ఆకు దెబ్బ నుంచి తేరుకునే శక్తి బాగానే ఉంది. అందుకే అక్కడి వ్యవసాయ నిపుణులు లేత దశలో నూటికి 20 మొక్కల్లో, ముదురు సుడి దశలో 40 మొక్కల్లో పురుగు ఉంటేనే మందు గురించి ఆలోచించమంటారు. ఈ లెక్క పాటిస్తే చాలా పిచికారీలు మొదట్లోనే ఆగిపోతాయి. భయం మీద అమ్ముడైన డబ్బాలు ఎన్నో ఎవరు లెక్కపెట్టారు గనక!

ఇక మొదటి దారి, అందరికీ బాగా తెలిసింది: మందు అమ్మండి, దాంతోపాటు జాగ్రత్తగా వాడటం నేర్పండి. పురుగుమందుల కంపెనీల సంఘం 1991లో కెన్యా, గ్వాటెమాలా, థాయిలాండ్‌లలో ఇలాంటి శిక్షణ కార్యక్రమాలే మొదలుపెట్టింది. మాస్కు, గ్లోవ్స్, బూట్లు, గాలివాటం చూసి కొట్టడం, ఖాళీ డబ్బాకి చిల్లు పొడిచి పాతిపెట్టడం. చెప్పేవన్నీ మంచి మాటలే, నేర్చుకున్నవాళ్లకి ఎంతో కొంత మేలు జరుగుతుంది కూడా. చిక్కు ఎక్కడంటే, తెలియడం వేరు, చేయగలగడం వేరు. నోవార్టిస్ ఫౌండేషన్ 1990ల్లో జింబాబ్వే, మెక్సికో, మన కోయంబత్తూరు ప్రాంతాల్లో ఇదే పని చేసి చూసింది. చివరికి వాళ్లు తేల్చిందేమిటంటే, అత్యంత విషపూరితమైన తరగతుల మందుల్ని జాగ్రత్తగా వాడించే పూచీ పడలేని కంపెనీ వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాలి. అప్పట్లో పురుగుమందులూ తయారుచేసిన కంపెనీ సొంత ఫౌండేషనే ఆ మాట అందంటే ఆలోచించాలి.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి తెచ్చిన పురుగుమందుల నియమావళి కూడా అదే దారిలో ఉంది. ఏ మందు వాడాలంటే ఒంటికి ఇబ్బందిగా ఉండే, ఖరీదైన, సులువుగా దొరకని రక్షణ దుస్తులు కావాలో ఆ మందుని మానేయాలి, ముఖ్యంగా వేడి దేశాల్లోని చిన్న రైతుల విషయంలో అంటుంది. మలావీ ఎండలో రబ్బరు కోటు వేసుకుని అర ఎకరం కొట్టమనడం సలహా ఎలా అవుతుంది?

రెండో దారి అక్కడి నుంచే మొదలవుతుంది: ప్రమాదకరమైన మందు రైతు చేతికి చేరకుండానే ఆపేయడం. దీనికి బెనిన్ పత్తి చేలకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. కాయతొలుచు పురుగు పైరెత్రాయిడ్ మందులకి లొంగడం మానేయడంతో 1999లో పశ్చిమాఫ్రికా పత్తికి ఎండోసల్ఫాన్ తెచ్చారు. ఆ ఒక్క సీజన్‌లోనే ఉత్తర బెనిన్‌లో పదుల సంఖ్యలో చనిపోయారు. అందులో ఒక ఘటన ఇప్పటికీ చెప్పుకుంటారు. పత్తిలో కలుపు తీయడానికి వెళ్లిన పిల్లలు ఆకలేసి, అదే చేలో పెరిగిన మొక్కజొన్న కంకులు కోసుకుని తిన్నారు. ముందు రోజే తండ్రి పత్తికి మందు కొట్టాడు, పిల్లలకి తెలియదు. వాళ్లలో ఒక పిల్లవాడు బతకలేదు. ఆ తండ్రికి ఎన్ని మాస్కులు ఇచ్చి ఉంటే ఆ ప్రాణం నిలిచేది?

సహారా అంచున ఉన్న సహేల్ దేశాల్లో ఒక మంచి ఏర్పాటు జరిగింది. బుర్కినా ఫాసో, మాలి, నైజర్, సెనెగల్ లాంటి దేశాలన్నీ కలిసి ఒకే సహేల్ పురుగుమందుల కమిటీ పెట్టుకున్నాయి. ప్రతి దేశమూ విడివిడిగా ప్రయోగశాలలు, విష నిపుణులతో మందుల్ని పరీక్షించుకునే స్తోమత ఉన్నవి కావు. ఒక మందుని ఒకేచోట తూచి, అన్ని దేశాలకీ కలిపి అనుమతి ఇవ్వడమో నిరాకరించడమో చేసేవారు. ఈ కమిటీ ఎండోసల్ఫాన్‌ని 2011లో ప్రపంచమంతా మానేయాల్సిన విషాల స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాకెక్కకముందే నిషేధించింది. మన దగ్గర కేరళలోని కాసరగోడ్‌లో ఎండోసల్ఫాన్ చేసిన ఘోరం మీద సుప్రీంకోర్టు 2011లో ఆదేశం ఇచ్చేదాకా అది అమ్ముడవుతూనే ఉందని గుర్తు చేసుకుంటే, పేద దేశాలని మనం చిన్నచూపు చూసేవాళ్లే ఈ విషయంలో ముందున్నారు.

నిషేధానికీ లోపాలున్నాయి. సరిహద్దులు దాటి దొంగ సరుకు వస్తుంది. నీళ్ల సీసాల్లోకి ఒంపిన మందు సంతలో దొరుకుతుంది, దాని మీద విషం ఎంతో చెప్పే రంగు పట్టీ (ఎరుపైతే ఎక్కువ, ఆకుపచ్చైతే తక్కువ) ఉండదు, పేరూ ఉండదు. అదీగాక ఒక మందు తీసేస్తే దాని బదులు ఏది వాడాలో చెప్పకపోతే రైతు మళ్లీ పాతదాన్నే వెతుక్కుంటాడు. కత్తెర పురుగు విషయంలో మాత్రం ఈ ఇబ్బంది తక్కువ. ఆఫ్రికాకి చేరిన పురుగులోనే పాత ఆర్గానోఫాస్ఫేట్ మందుల్ని తట్టుకునే లక్షణాలు కనిపించాయి. అంటే చవకగా దొరికే పాత మందు మనిషికి హాని చేసి పురుగుని వదిలేసే అవకాశమే ఎక్కువ. క్లోరాంట్రానిలిప్రోల్ అనే కొత్త రకం మందు మనిషికి చాలా తక్కువ విషం, పురుగు మీద పనిచేస్తుంది. ధర ఎక్కువ, చెరువుల్లోని చిన్న జీవులకి చేటు, పదేపదే అదే కొడితే పురుగు దానికీ అలవాటు పడుతుంది. అయినా రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే తడుముకోను.

మూడో దారి, కొట్టే చేయి మార్చడం. జాంబియా, ఘానా, కెన్యా లాంటి చోట్ల ఊరికి ఒకరిద్దరికి శిక్షణ, రక్షణ దుస్తులు ఇచ్చి, వాళ్లే కూలికి అందరి పొలాల్లో కొట్టే పద్ధతి ఉంది. ఘానాలో కోకో తోటలకైతే ప్రభుత్వమే 2001 నుంచి ముఠాలు పెట్టి కొట్టించింది. ఇందులో నాకు బాగా నచ్చేది ఇంట్లో మందు డబ్బా లేకపోవడం. మంచం కింద దాచిన డబ్బా, నీళ్లకి వాడుకునే ఖాళీ డబ్బా, మందు పడ్డ బట్టలు ఉతికే ఇల్లాలు, ఈ మూడు ప్రమాదాలూ తగ్గిపోతాయి. నాజిల్ సరిగ్గా ఉంటుంది, పొద్దున్నో సాయంత్రమో సుడిలోకి గురి చూసి కొట్టడం వాళ్లకి వచ్చు. కానీ విషమంతా ఆ ఒక్క మనిషి ఒంటి మీదకే చేరుతుంది. రైతు సీజన్‌లో రెండుసార్లు కొడితే, అతను రోజూ కొడతాడు. కాబట్టి చేతికిచ్చే మందు ఎర్ర పట్టీదైతే ఈ దారి అన్నిటికంటే చెడ్డది. ఘానా రైతుల పాత ఫిర్యాదు ఇంకోటి: తెగులు వచ్చిన వేళకి ముఠా రాదు.

నాలుగోది పుష్-పుల్, అంటే పురుగుని చేలోంచి గెంటి, గట్టు గడ్డి వైపు లాగడం. నైరోబీలోని ఇసిపె అనే కీటక పరిశోధన సంస్థ, బ్రిటన్ రోథామ్‌స్టెడ్ కేంద్రంతో కలిసి కాండం తొలుచు పురుగు కోసం తయారుచేసిన పద్ధతి. దాన్ని నడిపించిన జెయవుర్ ఖాన్ మన దేశం మనిషే. మొక్కజొన్న సాళ్ల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి మొక్క, పొలం చుట్టూ బ్రాకియేరియా లేదా నేపియర్ గడ్డి వేస్తారు. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 250 మంది రైతుల పొలాలు చూసి 2018లో ప్రచురించిన లెక్కల్లో, మొక్కకి పురుగుల సంఖ్య 80 శాతానికి పైగా తగ్గింది, దిగుబడి ఒంటి పంట కంటే 2.7 రెట్లు వచ్చింది. ఈ దిగుబడంతా కత్తెర పురుగు తగ్గినందుకే రాలేదు. డెస్మోడియం వేళ్లు స్ట్రైగాని కూడా అణిచేస్తాయి, అది మన జొన్న చేలలో మల్లె అంటామే, ఆ జాతి కలుపు. పైగా నేలకి నత్రజని, ఆవుకి మేత. డెస్మోడియం వాసన పురుగుని తరుముతుందా, లేక దాని ఆకుల మీది జిగురు నూగు పిల్ల పురుగుల్ని పట్టేస్తుందా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. రైతుకి రెండూ ఒకటే.

పుష్-పుల్‌కి అడ్డంకి పురుగు వైపు నుంచి రాదు, నేల వైపు నుంచి వస్తుంది. డెస్మోడియం ఏళ్ల తరబడి ఉండే మొక్క, కౌలు రైతు దాన్ని ఎందుకు వేస్తాడు? విత్తనం దొరకడం కష్టం, మొదటి ఏడాది చాకిరీ ఎక్కువ. పంట కోశాక ఊరి పశువుల్ని చేలలోకి వదిలే చోట గడ్డి మిగలదు.

వేప ద్రావణం, బీటీ బాక్టీరియా మందు, సుడిలో ఇసుక లేదా బూడిద వేయడం లాంటివి ఈ నాలుగింటి పక్కన సాయంగా నిలబడతాయి. మన దగ్గరా ఇసుక 9 పాళ్లు, సున్నం 1 పాలు కలిపి సుడిలో వేయమంటారు. పురుగు చిన్నగా ఉన్నప్పుడే ఫలితం, పొలం చిన్నదైతేనే సాధ్యం. రువాండాలో 2017లో సైనికులు కూడా చేలలోకి దిగి పురుగుల్ని చేత్తో ఏరారు.

పశ్చిమ కెన్యాలో సొంత నేల, ఒక ఆవు ఉన్న కుటుంబానికి పుష్-పుల్‌కి సాటి లేదు. అది కుదరని జాంబియా కౌలు రైతుకి నా సలహా వరుస ఇది: ముందు మొక్కలు లెక్కపెట్టు, నూటికి 20 లోపు ఉంటే సుడిలో మట్టి వేసి ఊరుకో, దాటితే ఆకుపచ్చ పట్టీ మందుని శిక్షణ ఉన్న మనిషితో కొట్టించు. అందరికీ మాస్కు పాఠాలు చెప్పడం చివరి మెట్టు, అదీ ఎర్ర పట్టీ మందులు దుకాణంలో లేనప్పుడే.

గింజ ఇంటికి చేరాక మాత్రం ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. నిల్వ పురుగు పట్టకుండా పొడి మందు కలపడం, ఫాస్ఫైడ్ బిళ్లలు వేయడం ఒకవైపు. నేసిన ప్లాస్టిక్ సంచి లోపల రెండు దళసరి ప్లాస్టిక్ సంచులు పెట్టి గాలి ఆడకుండా బిగించే పిక్స్ సంచి ఇంకోవైపు. దీన్ని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు కామెరూన్‌లో అలసందల కోసం మొదలుపెట్టారు. లోపలున్న పురుగులే ఆక్సిజన్ వాడేసుకుని చస్తాయి. గింజ బాగా ఎండి ఉండాలి, సంచికి ఎలుక చిల్లు పెట్టకుండా చూసుకోవాలి, అంతే.