అడాపలీన్ జెల్: బుడిపెలకు సరే, గుంటలకు కాదు

నుదుటి మీద చర్మం రంగులోనే ఉండే సన్నని బుడిపెలు, బుగ్గల మీద పాత మొటిమల నల్లమచ్చలు, కుడి చెంపన నాలుగైదు గుంటలు. నా ముఖం ఎగుడుదిగుడుగా ఉండటానికి ఈ మూడూ కారణమే. అద్దంలో ఎదురుగా చూస్తే అంతగా తెలియదు. కిటికీ దగ్గర వెలుతురు పక్కనుంచి పడితే అన్నీ బయటపడతాయి. హనుమకొండలో ఒక చర్మవైద్యురాలు రాసిచ్చిన 0.1 శాతం అడాపలీన్ జెల్‌ను రెండేళ్లకు పైగా వాడుతున్నాను. మూడింటిలో ఒకటి దాదాపు పోయింది, ఒకటి సగం తగ్గింది, ఒకటి కదల్లేదు. కొనబోయేవారు ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

బుడిపెలు అసలు మూసుకుపోయిన రంధ్రాలు. లోపలి గోడ నుంచి రాలే మృతకణాలు జిడ్డుతో కలిసి అంటుకుపోయి, బయటికి రాలేక అక్కడే గట్టిపడతాయి. పైపైన ఎంత రుద్దినా అవి కదలవు. విటమిన్ ఎ కుటుంబానికి చెందిన ఈ మందు, కణాలు అలా అంటుకుపోకుండా చూస్తుంది. అంటే పాతవి బయటికి రావాలి, కొత్తవి పుట్టకుండా ఉండాలి. రెండింటికీ సమయం పడుతుంది. పన్నెండు వారాల లోపు ఏమీ అడగవద్దని డాక్టరు ముందే చెప్పారు. ఆ మాట వినకపోయి ఉంటే తొలి నెలలోనే జెల్‌ను పక్కన పడేసేదాన్ని. ముక్కు పక్కన పొట్టు రాలింది, నోటి చివర్లు మండాయి, నుదుటి బుడిపెలు తగ్గకపోగా పెరిగాయి. నాలుగో నెలకు నుదురు చేతికి నున్నగా తగిలింది. ఇప్పటికీ అలాగే ఉంది, కాకపోతే ఊరెళ్లి పది రోజులు మానేస్తే రెండు మూడు మళ్లీ తలెత్తుతాయి.

వాడే తీరు గురించి కాస్త. ముఖం మొత్తానికి కలిపి బఠానీ గింజంత చాలు. కడుక్కుని, పూర్తిగా ఆరాక రాయాలి. మొదట్లో రాత్రి విడిచి రాత్రి రాసి, ముక్కు పక్కల, కళ్ల కింద, పెదవుల చివర్ల ముందుగా మాయిశ్చరైజర్ పూసేదాన్ని. సబ్బు మానేసి నురుగు తక్కువ వచ్చే క్లెన్సర్‌కు మారడం కూడా కలిసొచ్చింది. మా బోరు నీళ్ల ఉప్పుకు సబ్బు తోడైతే కడుక్కున్నాక కూడా ముఖం మీద ఏదో పొర మిగిలినట్టే ఉండేది. మాయిశ్చరైజర్ ఖరీదైనది అక్కర్లేదు. గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్న మామూలు రకమే వాడుతున్నాను. పై పెదవికి వ్యాక్సింగ్ చేయించుకునేవారు మాత్రం కొన్ని రోజుల ముందే జెల్ ఆపాలి, లేకపోతే వెంట్రుకలతో పాటు చర్మమూ ఊడివస్తుంది.

నేను వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. మిర్చి సీజనులో ఈ మందుకు అసలు పరీక్ష. చపాట రకం మిర్చి బస్తాలైతే ఫరవాలేదు, వాటికి రంగే తప్ప ఘాటు తక్కువ. ఘాటైన తేజ రకం బస్తాలు విప్పిన రోజు గాలిలోని దుమ్ముకే బుగ్గలు భగ్గుమంటాయి. అలాంటి రాత్రి జెల్ ముట్టుకోను, మాయిశ్చరైజర్ రాసుకుని పడుకుంటాను. రెండు మూడు రాత్రులు పోతే వచ్చే నష్టమేమీ లేదు, మండుతున్న చర్మం మీద పంతం పడితేనే నష్టం.

నల్లమచ్చలు సగమైనా తగ్గాయంటే అందులో జెల్‌కు ఎంత వాటా ఉందో, సన్‌స్క్రీన్‌కూ అంతే ఉంది. నన్నడిగితే సన్‌స్క్రీన్‌కే ఎక్కువ ఇస్తాను. ఎండ తగిలితే మానుతున్న మచ్చ మళ్లీ ముదురుతుంది. సీసా మీది అంకె గురించి అంత ఆరాటం అనవసరం: ఎస్‌పీఎఫ్ 30 అతినీలలోహిత బి కిరణాలలో దాదాపు 97 శాతాన్ని ఆపితే, 50 ఆపేది 98 శాతం. తేడా వచ్చేది రాసే మోతాదులో. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవున తీసుకోవాలి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. నేను కాజీపేట నుంచి స్కూటీ మీద వస్తాను, మే నెలలో ఆ రెండోసారి రాయడమంత విసుగు పని ఇంకొకటి లేదు. చెమటకు కరిగి కళ్లలోకి దిగుతుంది. జింక్ ఆక్సైడ్ రకమైతే నా చామనఛాయకు బూడిద పూసినట్టే ఉండేది. చివరికి జెల్ రకం సన్‌స్క్రీన్ కుదిరింది.

హసన్‌పర్తిలో ఉండే మా పెద్దమ్మకు ఇవేవీ నచ్చవు. "రాత్రిపూట ముఖానికి మందేమిటే, సున్నిపిండితో గట్టిగా రుద్దు" అంటుంది. ఒంటికి సున్నిపిండి నాకూ ఇష్టమే. కానీ అడాపలీన్ రాసే ముఖాన్ని దానితో రుద్దితే చర్మం లేచిపోతుంది. నిమ్మరసమైతే మరీ ప్రమాదం, అది రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలూ కొత్త మచ్చలూ రావచ్చు. వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది స్టిరాయిడ్ కలిసిన క్రీములు. వారంలో ముఖం మెరుస్తుంది కాబట్టి స్నేహితుల మధ్య చేతులు మారుతుంటాయి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మానేయబోతే మంటా మొటిమలూ మొదలవుతాయి. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి పేర్లున్నాయేమో చదవండి.

గుంటల సంగతి డాక్టరు మొదటి రోజే దాచకుండా చెప్పారు. మొటిమ లోపలి కణజాలాన్ని తినేసిన చోట ఏర్పడిన పల్లం పూత మందుతో పూడదు. సూదులతో చేసే మైక్రోనీడ్లింగ్, గుంట అడుగున పట్టి లాగే పోగులను కోసే సబ్‌సిషన్, లేజర్ వంటివి కావాలి, అవి కూడా తగ్గిస్తాయే తప్ప పూర్తిగా చెరపవు. మన రంగు చర్మానికి చికిత్స తర్వాత నలుపు దిగే అవకాశం ఉంటుందట. ఎండలో తిరగక తప్పని నెలల్లో అది మొదలుపెట్టే ఉద్దేశం నాకు లేదు.

నా ముఖం చూసి మా వదిన అదే ట్యూబు తెప్పించమంది. పిల్లల కోసం చూస్తున్నారని తెలుసు కాబట్టి ఇవ్వలేదు. గర్భంతో ఉన్నవాళ్లూ, ఆ ప్రయత్నంలో ఉన్నవాళ్లూ ఈ కుటుంబపు మందులకు దూరంగా ఉండాలి. అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆమెకు ఈ కుటుంబానికి చెందని అజిలాయిక్ ఆమ్లం అనే పూత మందు రాసిచ్చారు.