నెల్లూరు ఆటోనగర్ లేత్ షాపులో గిటార్ రిపేర్ – నా అనుభవం

నెల్లూరులో గిటార్ బాగుచేసేవాళ్లు ఎవరున్నారని నన్ను అడగని వారం లేదు, సాయంత్రాలు పిల్లలకి గిటార్ నేర్పిస్తా కాబట్టి అందరూ నన్నే అడుగుతారు, ఇన్నాళ్లూ మద్రాసు తీసుకుపొండి అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ఆటోనగర్ పొండి అంటున్నా. ఎందుకంటున్నానో రాస్తా, కొంచెం పెద్దగానే ఉంటుంది.

నా గిటార్ మా బాబాయ్ అమెరికా నుంచి వస్తా తెచ్చిచ్చింది, పదిహేనేళ్ల నుంచి అదే వాయిస్తున్నా. మనకి వానలెక్కువ అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే కదా, పోయిన కార్తీకంలో వారం రోజులు ముసురు పట్టినప్పుడు నెక్, అంటే తీగలు నొక్కే పొడుగాటి పిడి, ముందుకి వంగడం మొదలైంది. 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర తీగలు దాదాపు 5 మి.మీ. ఎత్తుకి లేచిపోయినాయి, ఎఫ్ కార్డ్ (ఒక వేలు అడ్డంగా పెట్టి తీగలు నొక్కేది) పట్టాలంటే వేలు కోసుకుపోయేది, పిల్లల ముందు వాయించాలంటేనే భయమేసేది. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, నెక్ లోపల ట్రస్ రాడ్ అని ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. ఆరు తీగలూ కలిసి నెక్‌ని 70 కిలోల పైనే లాగుతుంటాయి, ఆ లాగుడికి ఎదురు నిలబడేది ఆ కడ్డీయే. దాని చివర చిన్న నట్టు ఉంటుంది, బిగిస్తే నెక్ వెనక్కొస్తుంది, వదులు చేస్తే ముందుకి పోతుంది.

నేను చేసిన తప్పేందంటే తొందరపడి వేరే ఊళ్లో ఒక షాపులో ఇచ్చినా, పేరు ఇక్కడ వద్దు. వాళ్లు పాత నట్టు అరిగిపోయిందని చెప్పి దాని బదులు వాళ్ల దగ్గరున్న ఇంకోటి ఎక్కించి పంపించినారు. రెండు వారాలు బానే ఉంది. ఒక రోజు క్లాసు మధ్యలో లోపల టక్కుమని శబ్దం వచ్చింది, చూస్తే నెక్ మళ్లీ మొదటికే వచ్చింది. తిరిగి తీసుకుపోతే ఈసారి రాడ్డే పోయింది, ఫ్రెట్‌బోర్డు (నెక్ మీద అతికించిన చెక్క) ఊడదీయాలి, పన్నెండు వేలవుతుంది, దానికంటే కొత్తది కొనుక్కోండి అన్నారు. ఆ మాటకి నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆరు నెలలు దాన్ని బీరువా మీద పెట్టేసి పిల్లల గిటార్లతోనే క్లాసులు చెప్పుకున్నా.

నా దగ్గర నేర్చుకునే పిల్లోడి నాన్నకి ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి. ఆయన ఏరియేటర్ (గుంట నీళ్లకి గాలి పట్టించే మిషన్) షాఫ్ట్‌లు తిప్పించుకునే భాయ్ ఒకాయన గిటార్లు కూడా చూస్తాడని చెప్పి నన్ను తీసుకుపోయినాడు. బోర్డు మీద గిటార్ అన్న మాటే ఉండదు, లేత్ వర్క్స్, వెల్డింగ్ అని ఉంటుంది అంతే. బయట ఏరియేటర్ షాఫ్ట్‌లు, రైస్ మిల్లు పుల్లీలు, ట్రాక్టర్ పిన్నులు గుట్టగా పడుంటాయి. లోపల పక్కన చిన్న గది, దానికి ఎప్పుడూ తలుపు వేసే ఉంటుంది, ఇనప పొడి లోపలికి రాకూడదని, అందులో గోడకి నాలుగైదు గిటార్లు, ఒక మాండలిన్. భాయ్‌కి యాభై అయిదు పైనే ఉంటాయి. కొడుకు గిటార్ పాడైతే ఎవరూ చేయలేదంట, ఆయనే విప్పి నేర్చుకున్నాడంట, అట్లా మొదలైంది.

నెక్ వంగింది భాయ్, బిగించండి అని గిటార్ చేతికిచ్చినా. ఆయన స్పానర్ ముట్టుకోలా. ముందు తీగలు వదులు చేసినాడు, పైన మూత విప్పినాడు, నట్టు బయటికి తీసి రాడ్డు మొనని కిరసనాయిలు గుడ్డతో తుడిచి టార్చ్ వేసి చూసినాడు. తర్వాత సొరుగులోంచి మర (నట్టు ఎక్కే చుట్లు) కొలిచే థ్రెడ్ గేజ్ తీసినాడు, పళ్ల పళ్లగా సన్నటి రేకులుంటాయి చూడండి అది, ఒక్కో రేకూ మర మీద ఆనించి వెలుతురుకి ఎత్తి చూస్తా పోయినాడు. నాలుగో ఐదో రేకు దగ్గర ఆగి, "అబ్బయా, ఇది మన మర కాదు" అన్నాడు.

అసలు సంగతి అక్కడే తెలిసింది. నా రాడ్డు మీదున్నది 10-32 అనే అమెరికా మర, లావు 4.83 మి.మీ., అంగుళానికి 32 చుట్లు, అంటే ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ మధ్య 0.79 మి.మీ. ముందు షాపు వాళ్లు ఎక్కించింది మన బజార్లో దొరికే ఎం5 సైజు నట్టు, దాని లావు 5 మి.మీ., చుట్టు దూరం 0.8. రెండూ అంత దగ్గరగా ఉంటాయి కాబట్టి చేత్తో తిప్పితే చక్కగా ఎక్కుతుంది, కానీ లూజుగా కూర్చుంటుంది. "చేతికి దొరికినట్టే ఉంటాది, బలం పడినప్పుడు జారిపోతాది" అని ఆ నట్టుని నా గోరు మీద పెట్టి లోపల గీకి చూడమన్నాడు. మర లేదు, నున్నగా ఉంది. రాడ్డుకి మాత్రం చివర రెండు మూడు చుట్లే మొద్దుబారినాయి, లోపలివి బాగున్నాయి. పన్నెండు వేలు పోయే పని ఒక నట్టుతో సరిపోతుందని అప్పుడు అర్థమైంది.

నట్టుని ఇత్తడితో చేసినాడు, కొంచెం పొడుగ్గా, మంచి చుట్ల దాకా అందేటట్టు. ఉక్కుతో అయితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అని అడిగినా. ఇత్తడి మెత్తన, అరిగితే నట్టే అరుగుతాది, నట్టు మార్చుకోవచ్చు, రాడ్డు అరిగితే నెక్ కొయ్యాల అన్నాడు. లేత్ మీద తిప్పేటప్పుడు పక్కనే నిలబడి చూసినా. ఉక్కు అయితే సుడులు సుడులుగా చుట్టుకుంటా వస్తుంది, ఇత్తడి బియ్యపు నూకలాగా పొడిపొడిగా రాలింది, ఆయన చొక్కా జేబులో కూడా పడింది. నట్టు కింద ఆనే వాషర్ కూడా కొత్తది చేసి, సన్నటి గరుకు కాయితంతో రుద్ది, వేలితో తడిమి చూసుకుని మళ్లీ రుద్దినాడు.

లేటు మాత్రం అయింది, అది చెప్పాలి. వారం అన్నాడు, పదహారు రోజులు పట్టింది. ఆ అమెరికా సైజు ట్యాప్ (నట్టు లోపల మర కోసే పనిముట్టు) మన దగ్గర దొరకదు, తెప్పించడానికి ఐదు రోజులు. అంతలో రొట్టెల పండగ వచ్చింది, ఆ రోజుల్లో బారా షహీద్ దర్గా వైపు ఊరంతా ఎట్లుంటుందో తెలుసు కదా, వాళ్లింటి నిండా చుట్టాలు, షాపు మూసేసినాడు. ఒక ఫోన్ చేసి చెప్పుంటే నేను రెండుసార్లు ఎండలో తిరగకుండా ఉండేవాణ్ణి.

బిగించడం కూడా ఒకేసారి చేయలా. రోజుకి పావు చుట్టు, మూడు రోజులు. చెక్కకి అలవాటు కావాలంట. ప్రతిసారీ మొదటి ఫ్రెట్‌కి కాపో (తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, 14వ ఫ్రెట్ దగ్గర తీగని నొక్కి పట్టుకుని, 7వ ఫ్రెట్ మీద ఫీలర్ గేజ్ దూర్చి తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూసేవాడు. బైకు వాల్వ్ సెట్ చేసేదానికి వాడతారే, అదే గేజ్. మొదటి రోజు 0.9 మి.మీ. ఉండింది, చివరికి 0.25కి తెచ్చినాడు. ఇప్పుడు 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు 2.4 మి.మీ., సన్న తీగది 1.8. ఎఫ్ కార్డ్ మా తొమ్మిదేళ్ల స్టూడెంట్ కూడా నా గిటార్ మీద పట్టేసింది.

పైన తీగలు కూర్చునే గాడుల ముక్క కూడా ప్లాస్టిక్‌ది తీసి గేదె ఎముకతో కొత్తది చేసినాడు. ఇందులో ఒక చిన్న పొరపాటు జరిగింది, సన్న తీగ గాడి కాస్త లోతుగా పడి ఓపెన్‌గా, అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటితే జుయ్యిమనేది. తీసుకుపోయి చూపిస్తే ఒక్క మాట ఎదురు చెప్పలా, ఆ ముక్క పక్కన పడేసి ఇంకోటి కోసి ఇచ్చినాడు, డబ్బులు తీసుకోలా.

మొత్తం 1,800 అయింది. ఇత్తడి నట్టు, వాషర్ 700, ఎముక ముక్క 400, ఫ్రెట్లు సాపు చేసి సెట్ చేసినందుకు 700. బిల్లు ఇవ్వడు, ఫోన్‌పే ఉంది. పికప్ (తీగల శబ్దం పట్టే పార్టు), వైరింగ్ లాంటి కరెంటు పనులు చేయడు, రాదని ముందే చెప్పేస్తాడు, నాకు ఆ మాట బాగా నచ్చింది. కూర్చోడానికి చోటు లేదు, మిషన్ నడిచేటప్పుడు ఫోన్ ఎత్తడు, శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి పోతాడు కాబట్టి పొద్దున పదింటికి పోవడం మేలు.

పోయేవాళ్లు రెండు పనులు చేయండి. విరిగిందైనా అరిగిందైనా పాత పార్టు పారేయకుండా కవర్‌లో వేసి తీసుకుపొండి, ఆయన కొలిచేది దాన్నే. మీరు రోజూ వాడే తీగల సెట్టు కూడా చెప్పండి. నేను 12 సెట్టు (11 కంటే లావు తీగలు) వాడతానని చెప్పకుండా పాత 11 తీగలతోనే ఇచ్చేసినా. కొత్తవి వేయగానే లాగుడు పెరిగి నెక్ మళ్లీ కొంచెం ముందుకొచ్చింది, ఇంకో పావు చుట్టు కోసం మళ్లీ ఆటోనగర్ పోవాల్సి వచ్చింది.