పిండంలో మెదడు ఎలా తయారవుతుందో చూడాలంటే: కోడిగుడ్డు మేలా, చారల చేప మేలా?

డిగ్రీలో జువాలజీ చదివినవాళ్లకు ఆ స్లైడ్లు గుర్తుండే ఉంటాయి. 24 గంటల కోడి పిండం, 33 గంటలది, 48, 72. ఎర్ర రంగు అద్ది గాజు పలకల మధ్య అతికించినవి. రికార్డులో బొమ్మ గీశాం, భాగాలకు పేర్లు రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. స్లైడులో పిండం ఉంటుంది గానీ అది పెరగడం కనిపించదు. అందుకే స్లైడుని ఈ పోటీలోంచి ముందే తప్పిస్తున్నాను. ఎలుకనూ అంతే. ఎలుక పిండాన్ని చూడాలంటే తల్లిని చంపాలి, అది క్లాసులో చేసే పని కాదు. ఇక మిగిలినవి రెండు: కోడిగుడ్డు, అక్వేరియం షాపుల్లో దొరికే చారల చేప, అంటే జీబ్రాఫిష్.

ముందు గుడ్డు సంగతి. కిరాణా కొట్లో దొరికే ఫారం గుడ్డు పనికిరాదు, అక్కడి పెట్టల మధ్య పుంజే ఉండదు. పుంజుతో తిరిగే నాటు పెట్ట గుడ్డు కావాలి, లేదా హేచరీ నుంచి తెచ్చుకోవాలి. దాన్ని 38 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్‌లో అడ్డంగా పడుకోబెడితే పిండం పైవైపుకి వస్తుంది. 33 గంటలయ్యాక సిరంజితో రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొన లాగేయాలి. పచ్చసొన కాస్త కిందికి దిగుతుంది. అప్పుడు పెంకు పైభాగంలో చిన్న కిటికీ కత్తిరించాలి. పచ్చసొన మీద బియ్యపు గింజకన్నా చిన్న తెల్లటి గీత, అదే పిండం. లెన్సు పెడితే, తర్వాత మెదడు, వెన్నుపాము అయ్యే నాడీ గొట్టం తలవైపు మూడు చోట్ల ఉబ్బి కనిపిస్తుంది: ముందు మెదడు, మధ్య మెదడు, వెనక మెదడు. ముందు ఉబ్బుకి రెండు పక్కలా పొడుచుకొచ్చినవి కళ్లు. కన్ను మెదడు గోడలోంచే పుడుతుందని ఎన్నిసార్లు పాఠం చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క చూపులో ఎక్కుతుంది. అదృష్టం బాగుంటే గుండె కూడా అప్పుడే అదురుతూ ఉంటుంది.

ఇంకో గుడ్డుని కాస్త ముందుగా, 26 గంటలకే తెరిస్తే అసలు విశేషం దొరుకుతుంది. కజ్జికాయ చేసేటప్పుడు పూరీని మడిచి అంచులు నొక్కుతాం కదా, దాదాపు అలాగే. ఆ గొట్టం కాకముందు చదునుగా ఉన్న నాడీ పలక అంచులు పైకి లేచి, ఒకదాని వైపు ఒకటి వంగి, మధ్య మెదడు దగ్గర ముందుగా అతుక్కుంటాయి. అక్కడి నుంచి ముందుకీ వెనక్కీ మూసుకుంటూ పోతాయి. మనిషి పిండంలోనూ పలక ఇలాగే మడతపడి గొట్టమవుతుంది, 28వ రోజుకల్లా మూసుకోవాలి. తలవైపు మూసుకోకపోతే మెదడు, పుర్రె సరిగా ఏర్పడవు. వెన్నువైపు తెరిచి ఉంటే స్పైనా బిఫిడా అనే పుట్టుక లోపం వస్తుంది. నెల తప్పిందని తెలిసి టెస్టు చేయించుకునేసరికే ఈ పని చాలావరకు అయిపోతుంది కాబట్టి ఫోలిక్ యాసిడ్ గర్భం రాకముందు నుంచే వేసుకోమంటారు. అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లుల మీద బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ జరిపిన పరీక్షలో ఆ మాత్ర ముప్పుని 72 శాతం తగ్గించిందని 1991లో తేలింది.

చేపలో ఈ కజ్జికాయ కనిపించదు. పలక అంచులు లేచి మడతపడకుండా మధ్యకి కుంచించుకుపోయి, బోలు లేని కడ్డీ అవుతుంది. లోపలి ఖాళీ ఆ తర్వాత ఏర్పడుతుంది. మనకు అది బొత్తిగా పరాయి పద్ధతేం కాదు, కోడిలోనూ మనలోనూ వెన్నుపాము తోక కొస అలాగే తయారవుతుంది. కానీ మెదడు మడతపడటం చూపించాలనుకుంటే చేప అక్కరకు రాదు. పెద్ద మెదడు దగ్గరా ఇదే చిక్కు. మనలో అది రెండు బుడగల్లా ఉబ్బితే, చేపలో దాని గోడలు బయటికి విచ్చుకుంటాయి.

అయితే గుడ్డు ఇవ్వలేనిది చేప ఇస్తుంది. చేప గుడ్డులో పిండం గాజులా పారదర్శకంగా ఉంటుంది, దేన్నీ కోయక్కర్లేదు. ఒకే పిండాన్ని మొదటి గంట నుంచీ చూడొచ్చు. 10 గంటలకు నాడీ పలక, 17 గంటలకు తోక మొదటిసారి విదిలించడం, 24 గంటలకు మెదడు భాగాలు, కళ్లు. రెండు మూడు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. తొట్టి అడుగున గోళీలు పరిస్తే చాలు, రాలిన గుడ్లు సందుల్లోకి జారిపోతాయి. లేకపోతే పెట్టిన తల్లే తినేస్తుంది. వీటికి 28.5 డిగ్రీలు కావాలి, మన దగ్గర చాలా నెలలు గది వేడే సరిపోతుంది. మేలో మాత్రం వద్దు.

కోడిగుడ్డుకి కరెంటు గండం ఉంది. ఒకసారి రాత్రంతా కరెంటు లేక, పన్నెండు గుడ్లూ 24 గంటల దశ దగ్గరే నిలిచిపోయాయి. మర్నాడు పిల్లల ముందు నా టెన్షన్ చెప్పనక్కర్లేదు. పిండశాస్త్రవేత్తలు హాంబర్గర్, హామిల్టన్ 1951లో గంటల లెక్క వదిలేసి, సోమైట్ల (వెన్ను పొడవునా జతలుగా ఏర్పడే కణజాల దిమ్మల) వంటి గుర్తులతో కోడి పిండానికి 46 దశలు ఎందుకు కట్టారో ఆ రోజు విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు.

పరిశోధకులైతే రెండూ వాడతారు. ఏ జన్యువు చెడితే ఏం తప్పుతుందో వెతకడానికి చేప మేలు. 1996లో వచ్చిన వేల మ్యుటెంట్ల (జన్యువు మారినవాటి) జాబితాలు చేపవే. కత్తి పట్టి ముక్క మార్చి చూడాలంటే గుడ్డు. ఫ్రెంచ్ పిండశాస్త్రవేత్త నికోల్ లె దువారెన్ బృందం 1988లో కౌజు పిట్ట పిండం మెదడు భాగాన్ని కోడి పిండంలో అమర్చితే, పుట్టిన పిల్ల కౌజులా కూసింది.

నన్నడిగితే, చేతిలో ఒక్క ప్రాక్టికల్ క్లాసే ఉంటే గుడ్డే. వారం తీరిక, మంచి మైక్రోస్కోపు ఉంటే చేప. గుడ్డు ఎంచుకున్నవాళ్లకు లెక్క ఇది: సోమవారం మధ్యాహ్నం రెండింటికి 33 గంటల పిండం కావాలంటే ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. గుడ్డు వేడెక్కడానికి ఇంకో గంట కలుపుకుంటే, అలారం నాలుగింటికి.