వీసీఆర్‌లో టీవీ రికార్డింగు: ఎస్పీనా, ఎల్పీనా?

శాటిలైట్ ఛానళ్ళ కార్యక్రమాలను ఇంట్లో టేపు మీదికి ఎక్కించుకున్న వాళ్ళకు మొదట ఎదురయ్యే ప్రశ్న వేగం గురించే. వీసీఆర్ (వీడియో క్యాసెట్ రికార్డర్)లో పెట్టే ఈ-180 క్యాసెట్టులో ఎస్పీ (స్టాండర్డ్ ప్లే, మామూలు వేగం)తో మూడు గంటల కార్యక్రమం పడుతుంది, ఎల్పీ (లాంగ్ ప్లే, సగం వేగం)తో ఆరు గంటలది. క్యాసెట్టు అదే, ఖర్చు అదే, కార్యక్రమాలు రెట్టింపు. అంత లాభం కళ్ళెదుట ఉండగా ఎస్పీ ఎందుకు పెట్టాలి? పాట ఉన్న కార్యక్రమమైతే తప్పకుండా ఎస్పీయే పెట్టాలని నేను గట్టిగా చెబుతాను.

కారణం యంత్రం లోపలే ఉంది. ఇళ్ళలో వాడే వీహెచ్ఎస్ రకం వీడియో టేపు మీద బొమ్మ ఏటవాలు గీతలుగా పడుతుంది. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో, టేపు మీద రాసే, చదివే హెడ్లు బిగించిన డ్రమ్ము సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. ఎస్పీలో టేపు సెకనుకు సుమారు 2.34 సెంటీమీటర్లు నడుస్తుంది, ఎల్పీలో అందులో సగం. నడక సగమైతే గీతకు దక్కే చోటూ సగమే: 49 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) వెడల్పు ఉండాల్సినది దాదాపు 25కు తగ్గుతుంది. సన్నని గీత నుంచి వచ్చే సిగ్నలు బలహీనంగా ఉంటుంది. తెర మీద చుక్కలు పెరుగుతాయి, ముదురు రంగులు నిలకడగా ఉండవు. అయినా బొమ్మలో తేడాకు కన్ను కాసేపటికి అలవాటు పడుతుంది. చెవి అలా సర్దుకోదు.

మామూలు మోనో వీసీఆర్‌లో శబ్దం కోసం వేరే హెడ్డు ఉంటుంది. అది తిరగదు, టేపు అంచున శబ్దాన్ని పొడవునా రాసుకుంటూ పోతుంది. కాబట్టి టేపు ఎంత మెల్లగా నడిస్తే శబ్దం అంత దెబ్బతింటుంది. పాటల ఆడియో క్యాసెట్టు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. వీడియో టేపు ఎస్పీలోనే దానిలో సగం వేగం, ఎల్పీలో పావు. 1995లో జెమినీ, ఈటీవీ మొదలయ్యాక తెలుగు ఇళ్ళలో దాచుకోదగిన పాటల కార్యక్రమాలు వచ్చాయి. ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యం నడిపిన పాటల పోటీనే తీసుకోండి. పిల్లవాడు పల్లవి అందుకున్నాక ఆయన ఆపి ఒక గమకాన్ని ఎలా పలకాలో పాడి చూపించేవారు. ఎల్పీ టేపులో ఆ గమకం మొద్దుబారుతుంది, తాళాల మోత మాసిపోతుంది, దీర్ఘం తీసిన స్వరం గాయకుడి తప్పు లేకుండానే వణుకుతుంది. దేనికోసం దాచుకున్నామో అదే టేపులో మిగలదు. హై-ఫై వీసీఆర్ ఉన్నవాళ్ళకు ఈ చిక్కు లేదు, అందులో శబ్దాన్ని కూడా తిరిగే హెడ్లే రాస్తాయి.

ఎల్పీని తీసిపారేయను. మాట వినబడితే చాలు, విషయం తెలిస్తే చాలు అనుకునే చోట అదే సరైనది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే ఆవిడ 1979 నుంచి 2012లో కన్నుమూసే వరకు టీవీ వార్తలను రాత్రింబగళ్ళు రికార్డు చేసి దాదాపు 70 వేల టేపులు పోగుచేశారు. అంత పని మూడు గంటల లెక్కన సాగేది కాదు. క్రికెట్ అభిమానులకూ ఇదే ఇబ్బంది: వన్డేలో 50 ఓవర్ల ఇన్నింగ్స్‌కు మూడున్నర గంటలు పడుతుంది, ఎస్పీలో పెట్టిన ఈ-180 సరిగ్గా చివరి ఓవర్లకు ముందు అయిపోతుంది. దానికి ఈ-240 కొనవచ్చు, నాలుగు గంటలు వస్తుంది. కానీ ఆ టేపు మరీ పలచన, మాటిమాటికీ వెనక్కి ముందుకీ తిప్పేవాళ్ళ చేతిలో ముడతలు పడుతుంది. మ్యాచ్ వరకు నేను ఎల్పీకే ఓటేస్తాను.

ఇక వైరు సంగతి. వేగం గురించి ఇంత ఆలోచించేవాళ్ళు కూడా దీన్ని వదిలేస్తారు. డిష్షు రిసీవరు నుంచి వీసీఆర్‌కు యాంటెనా వైరు కలిపితే బొమ్మనూ శబ్దాన్నీ రిసీవరు ఒక ఛానల్‌గా మార్చి పంపుతుంది, వీసీఆర్ ట్యూనర్ మళ్ళీ విడదీస్తుంది. రెండు చోట్లా కొంత నష్టం. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల ఏవీ వైరుతో ఆ తిరుగుడే ఉండదు. రిసీవరు ఉన్నవాళ్ళు ఏవీ వైరే వాడాలి, ఇందులో తర్జనభర్జన అనవసరం.

సెట్‌టాప్ బాక్సులు రాకముందు కేబుల్ కనెక్షన్ వాళ్ళకు ఆ అవకాశం ఉండేది కాదు. ఆపరేటర్ దగ్గరి నుంచి వచ్చేదే యాంటెనా వైరుగా ఉండేది. దానికి బదులు వాళ్ళకు ఒక పెద్ద సౌకర్యం ఉండేది: టీవీలో ఒక ఛానల్ చూస్తూ వీసీఆర్‌లో మరొకటి ఎక్కించగలిగేవారు, టైమరులో రెండు మూడు ఛానళ్ళు వరుసగా పెట్టుకోగలిగేవారు. రిసీవరు అయితే ఒక సమయంలో ఒకే ఛానల్ ఇస్తుంది. వీసీఆర్ టైమరు వేళకు మేలుకుంటుంది కానీ రిసీవరును మార్చలేదు. ఊరెళ్ళే ముందు రిసీవరును ఆ ఛానల్‌లోనే ఉంచి వెళ్ళాలి, ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు మరో అడ్డంకి ఉండేది. హైదరాబాదులో పాల్ పద్ధతిలో ఎక్కించిన క్యాసెట్టును అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీకి తయారైన మామూలు వీసీఆర్ చూపించలేదు. రెండు పద్ధతులూ చదివే డెక్కు కొనాలి, లేదా డబ్బిచ్చి మార్పించుకోవాలి.

ఇప్పుడు ఆ టేపులను కంప్యూటర్‌లోకి మార్చుకోవాలనుకునే వారికి వేగం సంగతి మళ్ళీ అక్కరకొస్తుంది. ఇష్టమైన ఎస్పీ టేపులతో మొదలుపెట్టాలని అందరికీ అనిపిస్తుంది. నేను ఎల్పీవే ముందు తీయమంటాను. ఎస్పీ గీత వెడల్పుగా ఉంటుంది కనుక వేరే వీసీఆర్‌లోనూ బాగానే నడుస్తుంది. ఎల్పీ గీత సన్నం, ఎక్కించిన యంత్రంలో తప్ప ఇతర యంత్రాల్లో ట్రాకింగ్ (హెడ్డు సరిగ్గా గీత మీదే నడవడం) కుదరక బొమ్మ తెరలు తెరలుగా చెదిరిపోవచ్చు. కొత్త వీసీఆర్‌ల తయారీ 2016లో జపాన్ సంస్థ ఫునాయ్‌తో ఆగిపోయింది. టేపును ఎక్కించిన పాత డెక్కు ఇంట్లో ఇంకా తిరుగుతూ ఉంటే దాన్ని అమ్మేయకండి. టేపు అంచున తెల్లని బూజు కనిపిస్తే మాత్రం శుభ్రం చేయించే వరకు అందులో పెట్టకండి, బూజు హెడ్లకు అంటుకుని మిగతా టేపులకూ పాకుతుంది.