కథానిలయం, శ్రీకాకుళం: నాన్న చెప్పిన కథ కోసం వెళ్లాను

శ్రీకాకుళం విశాఖ ఎ కాలనీలో ఉన్న కథానిలయం గురించి రాస్తున్నాను. అచ్చంగా తెలుగు కథల కోసమే పెట్టిన లైబ్రరీ ఇది. కారా మాస్టారు, అంటే కథా రచయిత కాళీపట్నం రామారావుగారు, తనకు అవార్డుల మీదా రచనల మీదా వచ్చిన డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టారు. నేను ఐదుకి ఐదు ఇస్తున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా నాన్న సంగతి చెప్పాలి, కాస్త పొడుగవుతుంది, ఓపిక ఉంటే చదవండి.

మాది ఉద్దానం, కవిటి వైపు. కొబ్బరి, జీడిమామిడి, పనస, ఎటు చూసినా పచ్చగా ఉంటుంది. కానీ మా ఊళ్లో మనిషి ఎదురుపడితే "బాగున్నావా" అనడానికి ముందే "క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అని అడుగుతారు, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అది. షుగర్ లేదు, బీపీ లేదు, తోటలో పని చేసుకుని బతికే మనిషికి ఉన్నట్టుండి కాళ్లు వాస్తాయి, టెస్టు చేయిస్తే కిడ్నీలు పోయాయంటారు. నీళ్లంటారు, పురుగుమందులంటారు, ఎండలో చుక్క నీళ్లు తాగకుండా చేసే చాకిరీ అంటారు. ఇన్నేళ్లుగా ఎంతోమంది వచ్చి రక్తాలు, నీళ్లు పట్టుకెళ్లారు గానీ ఇదీ కారణం అని ఒక్కటి తేల్చి చెప్పింది మాత్రం లేదు. మా ఊరి అబ్బాయిలకి పిల్లనివ్వాలంటే కూడా వెనకా ముందూ ఆలోచిస్తారు.

నాన్నకి వారానికి రెండు డయాలసిస్‌లు, ఒక్కోటి నాలుగు గంటలు. ఎడమ చేతికి ఫిస్టులా వేశారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, సూది గుచ్చడానికి వీలుగా చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుడతారు, ఆ చోట అరచెయ్యి పెడితే లోపల తేనెటీగలు ఉన్నట్టు జుంయ్‌మని అదురుతుంది. ఆ అదురు ఉందో లేదో రోజూ చూసుకోమని నర్సు చెప్పింది, ఆగిపోతే వెంటనే రావాలట. రెండున్నరేళ్లు పొద్దున్నే టీ గ్లాసు అందిస్తూ నాన్న చెయ్యి పట్టుకుని చూసేదాన్ని. ఆఖరి రోజు డాక్టరు బయటికి వచ్చి చెప్పక ముందే నాకు తెలిసిపోయింది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది, లోపల అదురు లేదు.

ఆ ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లు మొత్తం కట్టేదాకా నాన్నని మాకు ఇవ్వలేదు. తోట అప్పటికే తాకట్టులో ఉంది, తమ్ముడు ఎవరెవరికో ఫోన్లు చేస్తూ మెట్ల మీద కూర్చుండిపోయాడు. చేతికిచ్చిన కాగితంలో పేరు, వయసు, జబ్బు పేరు, అంతే. ఇంటికొచ్చిన వాళ్లందరూ "ఏటి సేస్తాం తల్లీ, రాసిపెట్టుంది" అన్నారు. వాళ్లనేం అనను, వాళ్లిళ్లలోనూ ఇవే చావులు. కానీ పదో రోజు దాటేసరికి నాకు ఆ మాట వినబడితేనే ఒళ్లు మండేది. ఎవరు రాసిపెట్టారు? మా ఊరికే ఎందుకు రాశారు?

ఇక కథ సంగతి. నాన్న ఎక్కువ చదువుకోలేదు గానీ కుర్రతనంలో ఊళ్లో మంగలి కొట్టు దగ్గర వారపత్రికలు వదలకుండా చదివేవాడట. డయాలసిస్ బెడ్ మీద పడుకుని ఒక కథ చెప్పాడు. ఒక ముసలాయన చావుబతుకుల్లో ఉంటాడు, కొడుకుని దగ్గరికి పిలుస్తాడు, ఆస్తి గురించో పిల్లల గురించో చెబుతాడని అందరూ చూస్తుంటే, పక్కింటివాళ్ల గునపం మన కొట్టంలో ఉండిపోయింది, ఇచ్చేసి రా అంటాడు. కొడుకు గునపం ఇచ్చేసి వచ్చేసరికి ఆయన పోయి ఉంటాడు. "ఆ ముసలోడు నాకు భలే నచ్చాడమ్మా" అన్నాడు నాన్న. పేరు గుర్తులేదు, ఎవరు రాశారో గుర్తులేదు, "నాకు పెళ్లి కాకముందు" అన్నది ఒక్కటే ఆనవాలు.

ఆ ఆనవాలు పట్టుకుని పలాసలో బస్సెక్కాను. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో దిగి ఆటోలో వెళ్లాను. బయట నుంచి చూస్తే మామూలు ఇల్లులానే ఉంటుంది, పెద్ద బిల్డింగ్ ఊహించుకుని వెళ్లకండి. లోపల గోడల మీద కథలు రాసినవాళ్ల ఫొటోలు, అలమరల్లో కథల సంపుటాలు, బైండు చేసిన పాత పత్రికలు. రచయిత పేరో కథ పేరో తెలిస్తే వెతకడం తేలిక. నా దగ్గర అవేమీ లేవు కాబట్టి నాన్న పెళ్లికి ముందు ఏళ్లు లెక్కేసుకుని 1974 నుంచి ఒక్కో సంచిక తిప్పడం మొదలుపెట్టాను. ఏం కావాలమ్మా అంటే విషయం చెప్పాను, చెప్పడం మొదలెట్టేసరికి ఏడుపొచ్చింది. ఎవరూ కంగారుపడలేదు, మంచినీళ్లు ఇచ్చి కుర్చీ కిటికీ దగ్గరకి జరిపారు. డబ్బేమీ అడగలేదు.

ఆ కాగితాలు ఎలా ఉంటాయంటే, పసుపు రంగుకి తిరిగి అంచులు పెళుసుబారి, గట్టిగా తిప్పితే విరుగుతాయేమో అని భయం వేస్తుంది. రెండు వేళ్లతో కింద మూల పట్టుకుని నెమ్మదిగా తిప్పాలి. ఒక పేజీలో చావు గురించిన కథ, ఎదుటి పేజీలో తలనూనె ప్రకటన. గంట గడిచేసరికి నాన్న కథ వెతుకుతున్న సంగతి మర్చిపోయి కనబడిందల్లా చదువుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నం కాస్త కళ్లు నొప్పెట్టి మాస్టారి కథల పుస్తకమే అడిగి తీసుకున్నాను. ఆయన 'యజ్ఞం' కథ గురించి అందరూ చెబుతుంటే వినడమే గానీ అంతకుముందు చదవలేదు. తండ్రి చేసిన అప్పు తన మీదికి, తన నుంచి కొడుకు మీదికి వస్తుందని, వాడూ బానిస బతుకు బతకకూడదని కన్నకొడుకునే చంపేస్తాడు సీతారాముడు. అక్కడ పుస్తకం మూసేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. తాకట్టులో ఉన్న తోట గుర్తొచ్చింది, మెట్ల మీద తమ్ముడు గుర్తొచ్చాడు. ఆయనదే 'చావు' అని ఇంకో కథ ఉంది. పేదింట్లో ముసలమ్మ పోతే కాల్చడానికి కట్టెల్లేక పడే యాతన. ఈ రెండింట్లోనూ రాసిపెట్టుంది అనేసి ఊరుకోలేదు మాస్టారు. అప్పు ఎక్కడ మొదలైందో, కట్టెలు ఎవరి దగ్గర ఉన్నాయో, ఎవరి దగ్గర లేవో ఒక్కోటీ విప్పి చూపిస్తారు. పదిరోజుల పాటు ఇంటికి వచ్చిన వాళ్లలో ఒక్కరన్నా ఇలా మాట్లాడి ఉంటే బాగుండేది అనిపించింది. నాకు కావలసింది ఓదార్పు కాదని, ఎందుకు అని నాతోపాటు అడిగే మనిషని అక్కడ కూర్చున్నాకే తెలిసింది.

మాస్టారు 2021 జూన్ 4న, 96 ఏళ్ల వయసులో, ఇదే ఊళ్లో పోయారు. ఉన్నప్పుడే వెళ్లి ఒక్కసారి చూసి ఉండాల్సింది. కవిటికీ శ్రీకాకుళానికీ ఎంత దూరం గనక.

వెళ్లాలనుకునే వాళ్లకి రెండు మూడు మాటలు. ముందు ఫోన్ చేసి, తెరిచి ఉంటుందో లేదో కనుక్కుని వెళ్లండి, దూరం నుంచి వచ్చేవాళ్లయితే మరీను. పొద్దున్నే చేరుకోండి, గంటలో అయ్యే పని కాదు. దుమ్ము పడనివాళ్లు మాస్కు పెట్టుకుంటే మంచిది. రాలేనివాళ్ల కోసం చాలా కథలు స్కాన్ చేసి కథానిలయం వెబ్‌సైట్‌లో పెట్టారు, ఫోన్‌లోనే చదువుకోవచ్చు. అయినా వీలైతే రండి. ఇంట్లో చావు జరిగినవాళ్లయితే ఇంకా రండి, ఇక్కడ ఎంతసేపు మౌనంగా కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు.

నాన్న కథ దొరకలేదు. ఆ రోజుకి 1975 చివరి దాకా రాగలిగాను, ఆఖరి బస్సు టైమైపోతుందని లేచాను. సంక్రాంతి అయ్యాక తమ్ముణ్ని కూడా తీసుకుని వెళ్లి 1976 నుంచి చూస్తాను. చచ్చిపోతూ గునపం ఇచ్చేసి రమ్మన్న ముసలాయన కథ మీలో ఎవరైనా చదివి ఉంటే, పేరు గుర్తులేకపోయినా ఏ పత్రికలోనో గుర్తుంటే చాలు, చెప్పండి.