ఒంగోలు చర్చి హాల్లో నెలకో సినిమా: ఏడు నెలల అనుభవం

మాది మద్దిపాడు. ఇంట్లోనే కుట్టు మిషన్ పెట్టుకుని బ్లౌజులు, స్కూలు యూనిఫారాలు కుడతాను. ఒంగోలులో లాయర్‌పేట వైపు ఒక చిన్న సంఘం వాళ్ళు ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం తమ హాల్లో సినిమా వేసి, అయిపోయాక దాని గురించి మాట్లాడుకుంటారు. మొదటిసారి మా చెల్లెలు లాక్కెళ్ళింది. ఇప్పటికి ఏడు నెలలు. పెళ్ళిళ్ళ సీజన్లో ఒక్క నెల తప్పింది గానీ మిగిలినవన్నీ చూశాను. వెళ్ళాలా వద్దా అని ఆలోచించేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా నాన్న సంఘపెద్ద. సినిమా హాలు గుమ్మం ఎక్కినవాణ్ణి ప్రభువు బల్లకు, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకు, రానివ్వకూడదని గట్టిగా నమ్మిన మనిషి. మా చిన్నతనంలో మాకు తెలిసిన సినిమా ఒక్కటే, 1978లో వచ్చిన 'కరుణామయుడు'. గుడ్ ఫ్రైడే రాత్రి గుడి ముందు తెల్లబట్ట కట్టి వేసేవాళ్ళు. నెల్లూరు బాలూ గారి గొంతులో 'కదిలింది కరుణరథం' మొదలవగానే మా అమ్మమ్మ చాప మీద నుంచి లేచి, పాట అయిపోయేదాకా చేతులు కట్టుకుని నిలబడేది. తెర మీద ఉన్నది విజయచందర్ గారని ఆమెకు తెలుసు. అయినా నిలబడేది. అందుకే యేసు ప్రభువు కథ కాని సినిమాని చర్చిలో వేస్తారంటే నాకు మొదట మనసొప్పలేదు.

నేను వెళ్ళిన మొదటి నెల 'బెన్-హర్' వేశారు, 1959 నాటిది. ఆ రోజు మాత్రం చాలా ఇబ్బంది పడ్డాను. సినిమానే 212 నిమిషాలు. దానికి తోడు అతిథిగా వచ్చిన ప్రసంగీకులు మూడుసార్లు సినిమా ఆపించి వాక్యం చెప్పారు. అందులో ఒకచోట బేడీలు వేసి ఎండలో నడిపిస్తున్న ఖైదీలు నజరేతు దగ్గర ఆగుతారు. కథానాయకుడికి మాత్రం నీళ్ళు ఇవ్వొద్దని సైనికుడు ఆజ్ఞాపిస్తాడు. పడిపోయిన అతని దగ్గరికి ఒకరు వచ్చి నీళ్ళు తాగిస్తారు. ఆ వచ్చిన ఆయన ముఖం మనకు కనిపించదు. అడ్డుకోబోయిన సైనికుడు ఆయన వైపు చూసి, అలాగే నిలబడిపోయి, తల తిప్పుకుని వెనక్కి తగ్గుతాడు. ప్రభువు ముఖం ఎలా ఉందో ఆ సైనికుడి ముఖంలో చూసుకోవాలి మనం. సరిగ్గా అక్కడ సినిమా ఆపి, జీవజలం మీద ఇరవై నిమిషాలు మాట్లాడారు. చెప్పినవి మంచి మాటలే. కానీ ఆ మౌనం పోయింది. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అయింది, మా అబ్బాయి బండి వేసుకుని వచ్చి తీసుకెళ్ళాడు.

మర్నాడు ఆ సంఘం పాస్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను. "అయ్యగారూ, కోపం తెచ్చుకోవద్దు. అన్నం తింటున్నవాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపినట్టుంది" అన్నాను. ఆయన వెంటనే "నిజమేనమ్మా, సరిచేస్తాం" అన్నారు. ఆ తర్వాతి నెల నుంచి సినిమా మధ్యలో ఎవరూ మాట్లాడలేదు. రెండు గంటలు దాటిన సినిమా వేయడం లేదు కూడా.

ఇప్పుడు పద్ధతి ఇలా ఉంది. ఆరింటికి చిన్న ప్రార్థన, సినిమా, టీ, మరమరాల మిక్చర్, ఆ తర్వాత గంటసేపు మాటలు. టికెట్ లేదు. గుమ్మం దగ్గర కానుక పెట్టె ఉంటుంది, వేసినా వేయకపోయినా ఎవరూ చూడరు. అయ్యగారు మైకు పట్టుకుని "ఇందులో నీతి ఏమిటి?" అని అడగరు. "మీకు ఎక్కడ గుండె పట్టేసింది?" అని అడుగుతారు. ఎవరికి ఎక్కడ పట్టేసిందో అక్కడి నుంచి వాక్యంలోకి వెళ్తారు. దీనికోసమే నేను మద్దిపాడు నుంచి ఆటో ఎక్కి వెళ్తున్నాను.

అన్నిట్లోకీ నన్ను కదిలించింది 'బాబెట్స్ ఫీస్ట్', 1987లో వచ్చిన డెన్మార్క్ సినిమా. సముద్రం పక్కన ఒక పల్లె. చనిపోయిన పాస్టరుగారి ఇద్దరు కూతుళ్ళు పెళ్ళిళ్ళు మానుకుని తండ్రి సంఘాన్ని చూసుకుంటూ ఉంటారు. ఎండుచేప, రొట్టె జావ వాళ్ళ తిండి. పారిస్ గొడవల్లో భర్తనీ కొడుకునీ పోగొట్టుకున్న బాబెట్ వాళ్ళింటికి వచ్చి, జీతం లేకుండా వంట చేస్తూ ఉండిపోతుంది. ఏళ్ళ తర్వాత ఆమెకు లాటరీలో పది వేల ఫ్రాంకులు వస్తాయి. పాస్టరుగారి నూరో పుట్టినరోజుకి విందు నేనే చేస్తానని అడుగుతుంది. వంటకని తెచ్చిన బతికున్న తాబేలుని చూసి అక్కాచెల్లెళ్ళు హడలిపోతారు. ఇదేదో సాతాను పని అనుకుని, తినండి గానీ రుచి గురించి మాట్లాడొద్దని సంఘమంతా ఒట్టు పెట్టుకుంటారు. పాత తగువులతో ఒకరి ముఖం ఒకరు చూసుకోని మనుషులు ఆ బల్ల దగ్గర మెల్లగా మెత్తబడతారు. బల్ల చుట్టూ పన్నెండు మంది. చివరికి తెలుస్తుంది, బాబెట్ ఆ డబ్బంతా ఆ ఒక్క పూటకే పెట్టేసిందని. తను మాత్రం వాళ్ళతో కూర్చోలేదు, వంటింట్లోనే ఉంది.

ప్రభువు బల్లలో చిన్నప్పటి నుంచి పాలుపంచుకుంటున్నాను. నన్ను నేను పరీక్షించుకుని వణుకుతూ వెళ్ళడమే తెలుసు నాకు. ఎవరో తన దగ్గరున్నదంతా ఖర్చుపెట్టి నా కోసం వండిపెట్టారని, నేను రుచి తెలియనట్టు ముఖం పెట్టుకుని తింటున్నానని ఆ రాత్రి అనిపించింది. కృప మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. ఇది వాటికి పోటీ కాదు. విన్న మాటే కళ్ళ ముందు కూర్చుని అన్నం పెట్టినట్టు ఉంది.

ఆ రోజు జరిగిన ఒక సంగతి చెప్పాలి. కింద అక్షరాలు ఇంగ్లీషులో వస్తాయి కాబట్టి, డిగ్రీ చదివే ఒక అమ్మాయి ముందుగానే తెలుగు చేసి లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకొస్తుంది. చిన్న టార్చి వెలుగులో మైకులో చదువుతుంది. విందుకు అతిథిగా వచ్చిన సైన్యాధిపతి లేచి మాట్లాడేటప్పుడు "దయ, సత్యం కలుసుకున్నాయి" అని చదివి ఆగింది. గొంతు పూడుకుపోయినట్టుంది. వెనక వరసలో ఉన్న ఒక పెద్దామె చీకట్లోనే "కృపాసత్యములు కలిసికొనినవి" అని అందుకుంది. అది బైబిల్లో 85వ కీర్తనలో మాట అని అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. ఆ పిల్ల మళ్ళీ మొదలుపెట్టే లోపల హాల్లో సగం మంది మిగతా వచనం చెప్పేశారు.

మాటల దగ్గర ఒక తాతగారు లేచి తమ పెద్దవాళ్ళ సంగతి చెప్పారు. 1876-78 కరువులో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకు పని, కూలి ఇప్పించారు. కానీ కూడు కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "ఆ బాబెట్ కూడా అన్నం పెట్టి ఏమీ అడగలేదు చూశారా" అన్నారాయన. వెల్లంపల్లి మా మండలమే. ఆ లెక్క చిన్నప్పటి నుంచి వింటున్నాను గానీ, అన్నం వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు.

లోటుపాట్లు కూడా ఉన్నాయి. కరెంటు పోతే ఇన్వర్టరు మీద ప్రొజెక్టరు నడుస్తుంది, ఫ్యాన్లు నడవవు. ఆడవాళ్ళ బాత్రూములో లైటు లేదని రెండుసార్లు చెప్పాను. మాటల్లో మగవాళ్ళే ఎక్కువసేపు మైకు పట్టుకుంటారు, స్త్రీల సమాజం వాళ్ళు టీ అందించే పనిలోనే ఉండిపోతున్నారు. సినిమా ఏమిటో వారం ముందు చెబితే పిల్లల్ని తీసుకురావాలో వద్దో తేల్చుకుంటాం. ఒకసారి ఉరిశిక్ష కథ వేస్తే ముందు వరసలో చిన్నపిల్లలు భయపడి ఏడ్చారు. పెద్దవాళ్ళు తప్పక చూడాల్సిన కథే, కానీ ముందు చెప్పాలి.

తెర సంగతి నేనే చూసుకున్నాను. రెండు తెల్ల దుప్పట్లు కలిపి నిలువుగా అతుకు వేశారు. మనిషి తెర మధ్యకు వస్తే ముఖం మీదుగా గీత పడేది, గుడ్డ కూడా అక్కడ ముడతలు తేలేది. పోయిన నెల ఇంటికి తెచ్చి విప్పాను. పెద్ద పన్నా గుడ్డ ఒకే ముక్క తీసుకుని, అంచులు రెండు మడతలు మడిచి, పైన గొట్టం దూర్చేందుకు ఖాళీ వదిలి కుట్టి ఇచ్చాను. ఈ నెల నుంచి అదే కడతారు. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఎడమ వైపు కూర్చోండి, తెలుగు చదివే అమ్మాయి గొంతు అటువైపు బాగా వినిపిస్తుంది.